నలభై దాటాక ఉద్యోగంపై పట్టు: చేవ ఎంతో, అడ్డు ఎంతో తేల్చుకుని పన్నెండు వారాలు పనిచేయడం ఎలా

"నా చేతుల్లో ఏమీ లేదు" అని నలభై రెండేళ్ల మనిషి అన్నప్పుడు ఆ మాట వెనక రెండు వేర్వేరు సంగతులు ఉండొచ్చు. చేసే చేవ తనకు లేదని అనుకోవడం ఒకటి. చేవ ఉన్నా చేయనివ్వని అడ్డు ఉండటం రెండోది. బయటికి రెండూ ఒకేలా కనిపిస్తాయి. ఆదివారం సాయంత్రానికే దిగులు పట్టుకుంటుంది, పాత క్లాస్‌మేట్ల వాట్సాప్ గ్రూపు తెరవాలనిపించదు, ఏ పనీ మొదలుపెట్టబుద్ధి కాదు. మందు మాత్రం వేరు. చేవ సన్నగిల్లినవారికి చిన్నచిన్న పనుల్లో ఫలితం కళ్లబడాలి. అడ్డు పెరిగినవారికి డబ్బు, సమయం, అనుమతి కావాలి. ఇది తేల్చుకోకుండా విశాఖలోని ద్వారకానగర్ వెళ్లి అరవై వేలు కట్టి ఏదో కోర్సులో చేరితే, అసలు కొరత సమయమే అయినవారికి ఆ కోర్సు ఇంకో అడ్డు అవుతుంది. రెండో నెలలో మానేస్తారు. మానేశాక "నావల్ల కాదు" అనే మాట ఇంకా గట్టిపడుతుంది. నలభైల్లో ఉద్యోగం గురించి తీసుకునే నిర్ణయాలు ఎక్కువగా చెడేది ఇక్కడే.

ఈ విభజన ఊహించి చెప్పింది కాదు. తన జీవితంలో జరిగేదానికి కారణం తనలో ఉందనుకుంటాడా, బయట ఉందనుకుంటాడా అని మనిషిని అడిగే కొలతను జూలియన్ రాటర్ 1966లో ప్రచురించారు. 1978లో లియోనార్డ్ పెర్లిన్, కార్మి స్కూలర్ ఏడు వాక్యాల చిన్న కొలత తెచ్చారు. 1998లో మార్గీ లాక్మన్, సుజానే వీవర్ అమెరికా నడివయసువారి సమాచారాన్ని పరిశీలిస్తూ చేవను, అడ్డును విడివిడిగా లెక్కించారు. ఆదాయం తక్కువ ఉన్నవారిలో సగటున పట్టు, అంటే జీవితం తన చేతుల్లో ఉందన్న నమ్మకం, తక్కువగానే కనిపించింది. అయితే అదే ఆదాయంలో ఉండి పట్టు ఎక్కువ ఉన్నవారి ఆరోగ్యం, తృప్తి పై ఆదాయాలవారికి దగ్గరగా ఉన్నాయి. జీతం పెరిగేదాకా ఆగాల్సిన పనిలేదని దీన్నిబట్టి తెలుస్తుంది. అలాగని "అంతా నీ చేతుల్లోనే ఉంది" అనే ఉపన్యాసం మాత్రం నమ్మకండి. అడ్డు నిజంగా ఉన్నవారికి ఆ మాట చెప్పడం అన్యాయం.

కూర్చునే ముందు

200 పేజీల నోటు పుస్తకం ఒకటి, గత మూడు నెలల జీతం స్లిప్పులు, పీఎఫ్ పాస్‌బుక్ ప్రింటు, ఉన్న అప్పులన్నిటి స్టేట్‌మెంట్లు, గత మూడు నెలల షిఫ్టు చార్టు దగ్గర పెట్టుకోండి. ఒక వీక్లీ ఆఫ్ రోజున రెండు గంటలు చాలు. ఫోన్లో రాయకండి. పన్నెండో వారంలో పక్కపక్క పేజీలు తెరిచి పోల్చి చూసుకోవాలి, దానికి కాగితమే నయం.

తూకం

కింది ఎనిమిది వాక్యాలకూ 1 నుంచి 5 దాకా అంకె వేయండి. అసలు నిజం కాకపోతే 1, పూర్తిగా నిజమైతే 5.

చేవ వాక్యాలు: ఒక పని నేర్చుకోవాలని గట్టిగా కూర్చుంటే నాకు వస్తుంది. నిరుడు చేతకాని పని ఒకటైనా ఈ ఏడు చేతనవుతోంది. సమస్య ఎదురైతే మొదట ఏం చేయాలో నాకు తోస్తుంది. నా పని బాగుందో లేదో ఇంకొకరు చెప్పకముందే నాకు తెలుస్తుంది.

అడ్డు వాక్యాలు: నా రోజు ఎలా గడవాలో ఎక్కువగా వేరేవాళ్లే తేలుస్తారు. జీతం పడకముందే అది ఎక్కడెక్కడికి పోవాలో నిర్ణయమై ఉంటుంది. ఉద్యోగం మారాలనుకున్నా ఇంటి పరిస్థితి ఒప్పుకోదు. నేను ఎంత చేసినా ఫలితం పైవాళ్ల చేతుల్లోనే ఉంటుంది.

నాలుగేసి వాక్యాల మొత్తాలను విడిగా రాయండి. ఒక్కోటీ 4కు, 20కి మధ్య వస్తుంది, నడిమి గీత 12. ఇది వైద్య పరీక్ష కాదు, పని ఎక్కడ మొదలుపెట్టాలో చూపించే సాధనం మాత్రమే. చేవ 12కు తక్కువై, అడ్డు కూడా 12కు తక్కువైతే చేవ భాగంతో మొదలుపెట్టండి. అడ్డు 12 దాటితే, చేవ అంకె ఎంతైనా సరే, ముందు అడ్డు భాగమే. చేవ 12 పైన, అడ్డు 12 లోపల ఉండి కూడా దిగులు వదలకపోతే, చిక్కు మీ పాత ఆశల్లో ఉందన్నమాట.

ఒక్కసారి వేసి వదిలేస్తే తూకం తప్పుతుంది. రాత్రంతా నడిచే సి షిఫ్టు దిగి వచ్చిన ఉదయం వేస్తే చేవ పడిపోతుంది. నెలాఖరులో వేస్తే అడ్డు పెరుగుతుంది. అప్రైజల్ మర్నాడు వేసిన అంకె ఎందుకూ పనికిరాదు. అందుకే పది రోజుల్లో మూడుసార్లు వేయండి: ఆఫ్ రోజున ఒకసారి, మామూలు పనిరోజున ఒకసారి, జీతం పడ్డాక ఒకసారి. మూడింటిలో మధ్య అంకె తీసుకోండి.

బ్రేక్ తర్వాత తిరిగి పనికి వెళ్లాలనుకునే ఆడవాళ్లు ఇక్కడ ఒకటి గమనించాలి. పిల్లల కోసం ఎనిమిదేళ్లు మానేసినవారు చాలామంది చేవకు 2లు, 3లు వేసుకుంటారు. అంకె పక్కన "ఎందుకు" అని రాయమంటే మాత్రం వచ్చేవన్నీ అడ్డులే: బడి బస్సు మూడున్నరకు వస్తుంది, అత్తగారికి వారానికి రెండుసార్లు ఆస్పత్రి ఉంటుంది, స్కూటీ లేదు. కాబట్టి ప్రతి అంకె పక్కనా ఒక కారణం రాయండి. కారణం మనిషిలో ఉంటే చేవ లెక్క, గడియారంలోనో పర్సులోనో ఉంటే అడ్డు లెక్క. చోటు మారిన అంకెలను సరిదిద్దుకోండి.

పాతికేళ్లప్పటి లెక్క

రెండు పేజీలు కలిపి నాలుగు గడులు గీయండి. మొదటి గడిలో ఇరవై రెండు, ఇరవై ఐదు ఏళ్లప్పుడు "నలభైకల్లా ఇది" అనుకున్నది రాయాలి. రెండో గడిలో ఆ మాట మొదట ఎవరన్నారో రాయాలి. మూడో గడిలో దాని కింద నిజంగా కోరుకున్నదేమిటో, నాలుగో గడిలో ఈ రోజుకు అందులో ఎంత చేతికొచ్చిందో, పదికి అంకె వేసి రాయాలి.

విశాఖలో రెండో గడి త్వరగా నిండుతుంది. ఇది ప్లాంట్ల ఊరు. 1933లో పోర్టు తెరుచుకుంది, 1948లో ఇక్కడి షిప్‌యార్డు నుంచి జల ఉష అనే ఓడ నీళ్లలోకి దిగింది, 1957లో రిఫైనరీ వచ్చింది, 1971లో ఉక్కు కర్మాగారానికి శంకుస్థాపన జరిగింది. ఒక తరం నాన్నలకు ఉద్యోగమంటే గేటు పాసు, క్వార్టరు, క్యాంటీను, పర్మనెంటు. ఆ తరం పిల్లలు డిగ్రీ పూర్తిచేసే సరికి ఆ గేట్ల లోపల కాంట్రాక్టు పని పెరిగింది, బయట దువ్వాడ సెజ్, పరవాడ ఫార్మాసిటీ, అచ్యుతాపురం, మధురవాడ ఐటీ కొండలు వచ్చాయి. ఆశ మాత్రం పాత గేటు దగ్గరే నిలబడిపోయింది. "ప్లాంటులో పర్మనెంటు" అని మొదటి గడిలో రాసినవారు మూడో గడి దగ్గర కాసేపు ఆగాలి. దాని కింద కోరుకున్నది నెలనెలా తప్పని జీతమా, సొంత ఊళ్లో ఉండటమా, నలుగురిలో గౌరవమా, చేతిపని ఇష్టమా? ఇవి నాలుగూ వేరు. మొదటిది రాకపోయినా రెండోది పూర్తిగా దక్కి ఉండొచ్చు. అలాంటప్పుడు పదికి సున్నా కాదు, మూడో నాలుగో వేయాలి.

ఈ గడులు గీయడానికి ఇంకో కారణం ఉంది. అమెరికాలోని విస్కాన్సిన్‌లో 1957లో హైస్కూలు పూర్తిచేసినవారిని దశాబ్దాలపాటు వెంబడించిన అధ్యయనం ఉంది. అందులోని మహిళల సమాచారంతో డెబొరా కార్ 1997లో ప్రచురించిన పరిశీలన ప్రకారం, ముప్ఫైల్లో పెట్టుకున్న ఉద్యోగ ఆశను నడివయసులో అందుకోలేకపోయినవారిలో కుంగుబాటు ఎక్కువగా, జీవితానికి ప్రయోజనం ఉందన్న భావన తక్కువగా ఉన్నాయి. కాబట్టి తీరని పాత ఆశను "పోనీలే" అని దుప్పటి కప్పి వదిలేయకూడదు. తెరిచి, ఏ ముక్క మిగిలిందో, ఏ ముక్క పోయిందో రాసి చూసుకోవాలి.

అడ్డు తగ్గించడం: డబ్బు

మొదటి లెక్క, జీతం ఆగిపోతే ఇల్లు ఎన్ని నెలలు నడుస్తుంది? తప్పనిసరి ఖర్చే రాయండి. ఉదాహరణకు గాజువాకలో ఒక కుటుంబం: అద్దె 12,000, సరుకులు, గ్యాస్ 11,000, బడి ఫీజు నెలకు పడేది 6,000, బండి కిస్తీ 4,500, పెద్దవాళ్ల మందులు 3,500, కరెంటు, ఫోన్లు 3,000, బీమా 2,000. మొత్తం 42,000. అవసరమైతే వారంలోపు చేతికి తెచ్చుకోగల పొదుపు 84,000 ఉంటే రెండు నెలలు నడుస్తుంది. పీఎఫ్, బంగారం, ఆనందపురం వైపు కొన్న ప్లాటు ఇందులో కలపకండి. ప్లాటు అవసరమైన నెలలో అమ్ముడుపోదు, ఆ తొందర తెలిసిన కొనుగోలుదారు ధర తగ్గిస్తాడు.

రెండు నెలలకు తక్కువ ఉన్నవారు ఉద్యోగం మారే ఆలోచనను పక్కన పెట్టి ముందు దీన్నే పెంచాలి. నెలకు 7,000 చొప్పున పన్నెండు నెలలు వేస్తే ఇంకో 84,000 చేరుతుంది, నాలుగు నెలలవుతుంది. నాలుగు నెలలు దాటిన రోజున మేనేజరు ముందు నిలబడే తీరే మారుతుంది. "వద్దు" అనగలిగిన మనిషి మాటకు బరువు వస్తుంది. అందుకే డబ్బు అడ్డు తీరే సరికి అనుమతి అడ్డు కూడా కొంత సడలుతుంది.

రాజీనామా రాసేముందు మూడు తేదీలు చూడాలి. గ్రాట్యుటీకి సాధారణంగా ఐదేళ్ల నిరంతర సర్వీసు కావాలి. లెక్క ఇలా: చివరి నెల బేసిక్, డీఏ కలిపిన మొత్తాన్ని 15తో గుణించి 26తో భాగించి, సర్వీసు ఏళ్లతో గుణించాలి. బేసిక్, డీఏ 26,000 అయి పదకొండేళ్లు చేసినవారికి 15,000 ఇంటూ 11, అంటే 1,65,000 వస్తుంది. నాలుగేళ్ల పై నెలల్లో ఉన్నవారు ఆవేశంలో కాగితం ఇచ్చేసి పోగొట్టుకునేది ఇదే. రెండోది పీఎఫ్. ఐదేళ్ల నిరంతర సర్వీసు నిండకముందే తీసేస్తే సాధారణంగా పన్ను పడుతుంది. కంపెనీ మారితే తీయకుండా అదే యూఏఎన్ (కంపెనీ మారినా మారని పీఎఫ్ నంబరు) కింద బదిలీ చేసుకుంటే సర్వీసు కలుస్తుంది. మూడోది పీఎఫ్‌తోపాటు వచ్చే పెన్షన్. దానికి పదేళ్ల సర్వీసు కావాలి. ఎనిమిదేళ్లు, తొమ్మిదేళ్లు చేసి, చిన్న మొత్తం కోసం పెన్షన్ డబ్బు తీసేసినవారు ఆ సర్వీసును పోగొట్టుకుంటారు, మళ్లీ మొదటినుంచి లెక్కపెట్టుకోవాలి. పాత కంపెనీ రికార్డులో పేరు, పుట్టిన తేదీ ఆధార్‌తో సరిపోకపోతే బదిలీ ఆగిపోతుంది. ఆ దిద్దుబాటు ఉద్యోగంలో ఉండగానే చేయించుకోండి. బయటికి వచ్చాక పాత హెచ్‌ఆర్ ఫోను ఎత్తడం కష్టం.

అడ్డు తగ్గించడం: సమయం

"రోజూ పొద్దున్నే ఐదింటికి లేచి గంట చదువుతాను" అనే ప్రతిజ్ఞ షిఫ్టు ఉద్యోగికి మొదటి వారంలోనే విరుగుతుంది, ఎందుకంటే అతని రోజు గడియారాన్ని బట్టి నడవదు, చార్టును బట్టి నడుస్తుంది. ఉదయం 6 నుంచి 2 దాకా ఎ, 2 నుంచి రాత్రి 10 దాకా బి, 10 నుంచి ఉదయం 6 దాకా సి అనుకుంటే, సమయాన్ని షిఫ్టుకు కట్టండి. ఎ షిఫ్టు రోజుల్లో భోజనం, నలభై నిమిషాల కునుకు అయ్యాక 4:30 నుంచి 6 దాకా. బి షిఫ్టు రోజుల్లో ఉదయం 8 నుంచి 9:30 దాకా. ఇదే మంచి సమయం, ఇల్లు ఖాళీ అయి ఉంటుంది. సి షిఫ్టు రోజుల్లో ఏమీ పెట్టకండి, నిద్రే ఆ వారం పని. తెల్లవారుజామున మూడు, ఐదు గంటల మధ్య మెదడు చురుకుదనం అడుగంటుతుంది. ఆ అలసటతో చదివింది నిలవదు. పైగా రాలేదన్న బాధ చేవ అంకెను కిందికి లాగుతుంది. వారానికి తొంభై నిమిషాలవి మూడు దొరికితే చాలు, నాలుగో దాని కోసం నిద్ర తగ్గించకండి.

జనరల్ షిఫ్టువారికి శత్రువు ప్రయాణం. గాజువాక వైపు నుంచి మధురవాడ దాకా వెళ్లొచ్చేవారికి రోజుకు రెండు గంటలనుకుంటే, 25 పనిరోజులకు 50 గంటలు. ఎన్‌ఏడీ దగ్గర, మద్దిలపాలెం దగ్గర నిలబడిపోయే సమయం ఇంకా అదనం. బస్సులో వెళ్లేవారు వినే పాఠాలు పెట్టుకోవచ్చు. బండి మీద వెళ్లేవారు ఇయర్‌ఫోన్ జోలికి పోవద్దు. ఇంతకంటే పనికొచ్చేది వారానికి ఒక్కరోజు రాకపోకల సమయం మార్చుకోవడం. 7:30కే చేరి, పని మొదలయ్యేదాకా గంటన్నర ఆఫీసులోనే కూర్చుంటే ట్రాఫిక్ తప్పుతుంది, ఇంట్లో దొరకని నిశ్శబ్దం కూడా దొరుకుతుంది. ఇంట్లో చోటే లేనివారికి ద్వారకానగర్‌లో పౌర గ్రంథాలయం ఉంది. పోటీ పరీక్షల పిల్లల మధ్య నలభై ఐదేళ్లవారు కూర్చోవడానికి మొహమాటపడనక్కర్లేదు.

అడ్డు తగ్గించడం: అనుమతి

పని ఎంత బరువైనా, ఎలా చేయాలో తేల్చుకునే వీలుంటే మనిషి తట్టుకుంటాడని రాబర్ట్ కారసెక్ 1979లో వాదించారు. బ్రిటిష్ ప్రభుత్వ ఉద్యోగులపై జరిగిన వైట్‌హాల్ అధ్యయనాల్లోనూ పనిమీద నిర్ణయాధికారం తక్కువ ఉన్నవారిలో గుండెజబ్బు ఎక్కువగా కనిపించింది. కాబట్టి ప్రమోషన్ కంటే ముందు అడగాల్సింది ఒక నిర్ణయం. ప్రమోషన్ బడ్జెట్‌తో, ఖాళీలతో ముడిపడి ఉంటుంది. చిన్న నిర్ణయాధికారం ఇవ్వడానికి మీ పై అధికారికి ఎవర్నీ అడగాల్సిన పని ఉండదు.

ముందు రెండు వారాలపాటు, ఎవరి మాట కోసమో ఎన్నిసార్లు ఆగారో, ఎంతసేపు ఆగారో రాసుకోండి. అందులో మూడు గుణాలున్నదాన్ని ఎంచుకోండి: తరచూ వచ్చేది, తప్పు జరిగినా ఆ రోజే దిద్దుకోగలిగేది, భద్రతకు గానీ నాణ్యత నియమాలకు గానీ సంబంధం లేనిది. పరవాడలో క్వాలిటీ ల్యాబ్ షిఫ్ట్ ఇన్‌చార్జి అయితే ఫలితం పాసా ఫెయిలా అనే నిర్ణయం అడగకూడదు, అది ఇవ్వరు, ఇవ్వకూడదు. శాంపిళ్లు ఏ వరుసలో పెట్టాలనేది అడగొచ్చు. మాట ఇలా ఉండాలి: "సార్, ఏ శాంపిల్ ముందు పెట్టాలో మీకోసం వారంలో ఐదారుసార్లు ఆగుతున్నాం, ఒక్కోసారి నలభై నిమిషాలు పోతోంది. నెలరోజులు వరుస నన్ను వేయనివ్వండి. షిఫ్టు దిగేముందు రోజూ రాసి మీ టేబుల్ మీద పెడతాను. తేడా వస్తే పాత పద్ధతికే వెళ్లిపోదాం సార్." ఇందులో ఫిర్యాదు లేదు. అంకె ఉంది, గడువు ఉంది, వెనక్కి తీసుకునే దారి ఉంది.

అడిగే సమయం కూడా ముఖ్యం. ఆడిట్ వారంలో, షట్‌డౌన్‌లో, నలుగురి ముందు అడిగితే "చూద్దాంలే" అనే జవాబే వస్తుంది. కాదంటే వెంటనే వాదించకండి. "ఏది మారితే వీలవుతుంది సార్?" అని ఒక్కటి అడిగి, జవాబు నోటు పుస్తకంలో తేదీతో రాసుకోండి. మూడు నెలల్లో మూడుసార్లు కారణం మారుతూ పోతే, ఆ గదిలో ఆ అధికారం దొరకదని తేలినట్టే. ఉద్యోగం మారడమా, అదే కంపెనీలో విభాగం మారడమా అనే ఆలోచన అప్పుడు మొదలుపెట్టాలి.

అసలు కదిలించలేని అడ్డులూ ఉంటాయి. ఉక్కు కర్మాగారంలో వంద శాతం పెట్టుబడుల ఉపసంహరణకు 2021 జనవరిలో కేంద్రం సూత్రప్రాయంగా ఒప్పుకుంది. 2025 జనవరిలో 11,440 కోట్ల పునరుద్ధరణ ప్యాకేజీ ప్రకటించింది. రెండు నిర్ణయాలూ లోపల పనిచేసేవారిని అడిగి తీసుకున్నవి కావు. ఉపసంహరణకు వ్యతిరేకంగా ఉద్యమంలో పాల్గొనడం వారి హక్కు. మీ పుస్తకంలో మాత్రం ఇలాంటివాటికి వేరే పేజీ పెట్టి "బయట తేలేవి" అని రాయండి. ఆ వార్తలకు రోజుకు పావుగంట, అంతే. మిగతా సమయం ఏ నిర్ణయం వచ్చినా పనికొచ్చేవాటికి కేటాయించండి: సర్వీసు సర్టిఫికెట్లు, శిక్షణ పత్రాల కాపీలు, నడుస్తున్న లైసెన్సుల రెన్యువల్.

చేవ పెంచడం

"నేను చేయగలను" అనే నమ్మకానికి పెద్ద ఆధారం స్వయంగా చేసి చూసిన అనుభవమేనని ఆల్బర్ట్ బండూరా 1977 నుంచి చెబుతూ వచ్చారు. ఇతరుల ప్రోత్సాహం దాని తర్వాతే. కాబట్టి స్ఫూర్తి వీడియోలు చూసినంత మాత్రాన చేవ అంకె నిలకడగా కదలదు. చేసిన పనికి, వచ్చిన ఫలితానికి మధ్య తీగ కంటికి కనిపించాలి.

వారంలోపు ఫలితం తెలిసే పని ఒకటి ఎంచుకోండి. మొదలుపెట్టే ముందు అంచనా రాయండి, అయ్యాక ఫలితం రాయండి. స్టోర్స్‌లో పనిచేసేవారు: "ఈ వారం స్టాక్ రిపోర్టును ఎక్సెల్‌లోని పివట్ టేబుల్‌తో చేస్తాను, ఇప్పుడు పట్టే మూడు గంటలు రెండుకు తగ్గుతుంది." వారం చివర నిజంగా ఎంత పట్టిందో రాయాలి. రెండున్నర పడితే ఓటమి కాదు. అంచనా అరగంట తప్పిందని, మిగిలిన అరగంట నిజమని తెలిసింది. నాలుగు వారాల్లో అంచనా, ఫలితం దగ్గరపడుతుంటే చేవ వస్తున్నట్టు. ఫలితం పెరగకపోయినా అంచనా సరిగ్గా వేయగలగడం కూడా పట్టే. ఈ సంగతి చాలామంది గుర్తించరు.

ప్రతి పనికీ ముందు "ఎప్పుడైతే, అప్పుడు" వాక్యం రాయండి. "బి షిఫ్టు రోజున టిఫిన్ అయి గిన్నె సింకులో పెట్టగానే, లాప్‌టాప్ తెరిచి రిపోర్టు ఫైలు తీస్తాను." సమయం, చోటు, మొదటి కదలిక మూడూ అందులో ఉండాలి. ఊరికే "చేస్తాను" అనుకోవడం కంటే ఇలా కట్టుకున్న నిర్ణయాలు ఎక్కువగా నెరవేరతాయని పీటర్ గోల్విట్జర్ 1990ల్లో చూపించారు.

ఇక్కడ తరచూ జరిగే తప్పులు రెండు. ఇంకొకరి చేతిలో ఉన్న ఫలితాన్ని గురిగా పెట్టుకోవడం మొదటిది: "ఇంటర్వ్యూలో సెలెక్ట్ అవుతాను" కాదు, "ఈ వారం నాలుగు అప్లికేషన్లు, ఒక్కోదానికి రెజ్యూమె మొదటి ఆరు లైన్లు తిరగరాసి పంపుతాను." రెండోది, వారంవారం గురి మార్చడం. ఎక్సెల్ ఒక వారం, స్పోకెన్ ఇంగ్లిష్ ఇంకో వారం, పైథాన్ మరో వారం అయితే తీగ ఎప్పటికీ కనిపించదు. నాలుగు వారాలు ఒక్కదాన్నే పట్టుకోండి.

నాలుగు వారాలు నిలిచాకే కోర్సు. డిగ్రీ ఉన్నవారికి చవకైనది ఐఐటీల ఆన్‌లైన్ కోర్సుల వేదిక ఎన్‌పీటెల్. చేరడానికి రుసుము లేదు, సర్టిఫికెట్ పరీక్షకు 1,000 రూపాయలు. జనవరిలో, జులైలో బ్యాచ్‌లు మొదలవుతాయి. పన్నెండు వారాల కోర్సులో మంచి మార్కులొచ్చిన ఎనిమిది అసైన్‌మెంట్లనే లెక్కిస్తారు కాబట్టి సి షిఫ్టు వారాల్లో నాలుగు వదిలేసినా నష్టం లేదు. ఈ సంగతి తెలియక మొదటి అసైన్‌మెంటు తప్పగానే మానేసేవారున్నారు. అసైన్‌మెంట్లకు 25 మార్కులు, పరీక్షకు 75. గట్టెక్కాలంటే 25లో 10, 75లో 30 రావాలి. డిగ్రీ మధ్యలో ఆగినవారికి ఆంధ్ర విశ్వవిద్యాలయం దూరవిద్య, ఇగ్నో రెండూ ఊళ్లోనే ఉన్నాయి.

చేతిపని ఉన్నవారికి చదువు కంటే పరీక్షే మేలు. ఆటోనగర్‌లో ఫ్యాబ్రికేషన్ చేసే వెల్డరు ఎన్నేళ్లు చేసినా, పైపును 45 డిగ్రీల వాలులో కదలకుండా బిగించి చేసే 6జీ పరీక్ష పత్రం లేకపోతే పెద్ద సైట్లలో మామూలు రేటే. సాధనకు పైపు ముక్కలు, రాడ్లు, గ్రైండింగ్ డిస్కుల ఖర్చు ముందే లెక్కేసుకోవాలి. చెడేది ఎక్కువగా రూట్ పాస్ (అతుకు అడుగున వేసే మొదటి వరస) దగ్గరే, అక్కడే ఎక్కువ ముక్కలు పాడుచేయండి. పత్రం వచ్చాక ఆ ప్రాసెస్‌లో ఆరు నెలలపాటు అసలు వెల్డింగ్ చేయకపోతే ఏఎస్‌ఎంఈ (అమెరికా మెకానికల్ ఇంజినీర్ల సంఘం) నియమం ప్రకారం అర్హత పోతుంది. కాబట్టి చేసిన పని తేదీలు సూపర్‌వైజరు సంతకంతో రాయించి దాచుకోండి.

వదిలేయాల్సినది

నాలుగో గడిలో పదికి సున్నా వచ్చి, వయోపరిమితి దాటిపోయి, మూడో గడిలోని కోరిక వేరే దారిలో తీరే వీలున్న ఆశను వదలాలి. ఈ మూడూ కలిస్తేనే వదలాలి. వదలడమంటే మరిచిపోవడం కాదు. తేదీ వేసి ఒక వాక్యం రాసి, దానికోసం దాచిన పుస్తకాలు, కట్టే ఫీజు, సేవ్ చేసుకున్న నోటిఫికేషన్లు అదే వారం తీసేయడం. కార్స్టెన్ రాష్, ఆయన సహచరుల పని ఇక్కడ పనికొస్తుంది. అందని గురిని వదలగలిగినవారు, ఆ చోటులో కొత్త గురి పట్టుకోగలిగినవారు మెరుగ్గా ఉన్నారని 2003లో చూపించారు. వదిలి ఊరుకోవడం అర్ధభాగమే. కాబట్టి అదే పేజీ కింద కొత్తది ఒకటి, మూడో గడిలోని అదే కోరికను తీర్చేది, రాయాలి. నలుగురిలో గౌరవం కోసం గ్రూప్స్ రాస్తూ వచ్చినవారికి, శనివారాలు కాలనీ పిల్లలకు లెక్కలు చెప్పడం ఆ కోరికలో పెద్ద ముక్కనే తీర్చవచ్చు.

ఇంట్లో

భార్యాభర్తలు ఈ పుస్తకాన్ని మూడో వారంలో కలిసి చూడాలి, మొదటి వారంలో కాదు. అంకెలు కుదురుకోకముందు చూపిస్తే చర్చ అంతా పాత తప్పుల మీదికి వెళుతుంది. చూపించేటప్పుడు అడగాల్సింది ఒక్కటే: "నాకు వారానికి మూడు తొంభై నిమిషాలు కావాలి, దానికి బదులు ఇంట్లో నీ మీద నుంచి ఏది తీసుకోమంటావు?" పెళ్లిళ్లలో "ఇప్పుడు ఏం పోస్టు బాబూ?" అని అడిగే పెదనాన్నలకు పదవి బదులు పని చెప్పండి: "ల్యాబ్‌లో రాత్రి షిఫ్టు నేనే చూసుకుంటాను పెదనాన్నా." అబద్ధం లేదు, సంజాయిషీ లేదు.

పన్నెండో వారం

మొదటి రెండు వారాలు తూకం, గడులు. మూడు నుంచి ఆరు వరకు ఎక్కువున్న అడ్డు ఒక్కదాని మీదే పని. ఏడు నుంచి పది వరకు చేవ పని. అడ్డు 12 లోపే ఉన్నవారు మూడో వారం నుంచే చేవ పనికి వెళ్లొచ్చు. పదకొండో వారం ఖాళీ. పండగో, జ్వరమో, ఓవర్‌టైమో తినేసిన రోజులకు అది. పన్నెండులో మళ్లీ మూడు తూకాలు, మొదటిసారి ఎలాంటి రోజుల్లో వేశారో అలాంటి రోజుల్లోనే.

చేవ రెండు అంకెలు పెరిగినా, అడ్డు రెండు అంకెలు తగ్గినా దారి సరైనదే, ఇంకో పన్నెండు వారాలు అలాగే సాగించండి. అడ్డు తగ్గి చేవ కదలకపోతే గురి మరీ తేలికైనదై ఉంటుంది, కష్టం ఒక మెట్టు పెంచండి. చేవ పెరిగి అడ్డు కూడా పెరిగితే భయపడకండి. కొత్తగా చేయగలిగినవారికి కొత్త గోడలు కనిపిస్తాయి, ఆ అంకె పక్కన రాసిన కారణమే తర్వాతి మూడు నెలల పని. రెండూ కదలకపోగా రెండు వారాలకు పైగా నిద్ర, ఆకలి దెబ్బతిని, ఏ పనీ ఇష్టం లేకుండా పోతే అది ఈ పుస్తకంతో తేలేది కాదు. 14416 ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలీ మానస్ ఉచిత నంబరు, తెలుగులో మాట్లాడతారు. చినవాల్తేరులో ప్రభుత్వ మానసిక వైద్యశాల ఉంది. బతకాలని లేదన్న ఆలోచన వస్తే రెండు వారాలు కూడా ఆగకుండా ఆ రోజే ఫోన్ చేయండి, ఇంట్లో ఒకరికి చెప్పి వారిని వెంటబెట్టుకుని వెళ్లండి. మందులో, మాటల చికిత్సో కుదిరి నిద్ర పట్టాక మళ్లీ మొదటి తూకం వేసుకోవచ్చు.